గుద్దుకున్న స్పోర్ట్స్ కారు: ఎలా కొలవాలి, ఎలా బాగుచేయించాలి

సందెవేళ రణస్థలం దాటి ఎచ్చెర్ల వైపు వస్తుంటే డివైడర్ మీద గడ్డి మేసే గేదెలు ఉన్నట్టుండి రోడ్డు మీదికి దిగుతాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. రెండేళ్ల కిందట మా బావమరిది ఫోర్డ్ మస్టాంగ్ అలాంటి గేదెనే గుద్దింది. గేదె లేచి దులుపుకుని పోయింది. కారుకి బంపర్ చీలింది, కుడి హెడ్‌లైటు పగిలింది, బానెట్ మూల కాస్త లేచింది. "ఇంతే కదా బావా" అని ఫోన్ చేసి, స్టార్ట్ చేసి శ్రీకాకుళం దాకా నడుపుకొచ్చేశాడు. ఆ పదీ పన్నెండు కిలోమీటర్లే కొంప ముంచాయి. రేడియేటర్‌కి పడిన సన్నటి చీలికలోంచి ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ దారి పొడుగునా కారిపోయి, ఇంటికొచ్చేసరికి ఇంజన్ కాగిపోయింది. గేదె చేసిన నష్టం కన్నా మావాడు చేసిందే ఎక్కువ.

ఆ తర్వాత ఐదు నెలలు ఆ కారు వెనకాల తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీది మస్టాంగ్ కావచ్చు, ఆడి టీటీ కావచ్చు, పోర్షే కావచ్చు. మామూలు కారుకీ చాలావరకు ఇదే పద్ధతి. స్పోర్ట్స్ కారులో తప్పుకి ఖరీదు ఎక్కువ, అంతే.

రోడ్డు మీద ఉండగానే

ముందు మనుషులు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి, బండి దారికి అడ్డంగా ఉంటే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. మనిషికి గాని, ఇతరుల ఆస్తికి గాని నష్టం జరిగితే 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. గేదె కూడా ఒకరి ఆస్తే. గేదె యజమానితో అక్కడే గొడవకి దిగకండి. నలుగురూ పోగైతే మాట పెరుగుతుంది, పని మాత్రం తెమలదు.

ఇంజన్ ఆపండి, మళ్లీ వేయకండి. "స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అనే కుతూహలమే మనల్ని ముంచేది. ముందు కింద చూడండి. నేల మీద పచ్చగానో, గులాబీగానో, నారింజగానో నీళ్లలాంటిది ఉంటే కూలెంట్. నల్లగా జిగురుగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఏసీ కారిన మంచినీళ్లే అయితే భయం లేదు. పోర్షే 911, కేమన్, బాక్‌స్టర్ లాంటి వాటిలో ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి ముందు తగిలితే ఏమీ కాదనుకుంటారు. వాటి రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లోనే, చక్రాలకి ముందు ఉంటాయి. సరిగ్గా దెబ్బ తగిలే చోటు అదే.

ఫొటోలు తీయండి. నాలుగు మూలల నుంచి, దగ్గర నుంచి, దూరం నుంచి, రోడ్డు మీద చక్రాల గీతలతో సహా. మీటర్ మీద వెలిగిన లైట్లన్నీ ఒక ఫొటోలో రావాలి. ఊడిన ముక్కలు, క్లిప్పులు ఒక సంచిలో వేసుకోండి. పగిలిన హెడ్‌లైటు మీద ఉండే పార్టు నంబరు తర్వాత పనికొస్తుంది.

కొన్ని కార్లలో పాదచారుల రక్షణ కోసం బానెట్ వెనక అంచు చిన్న పేలుడుతో పైకి లేస్తుంది. పందో, కుక్కో తగిలినా అది లేవచ్చు. బానెట్ అలా లేచి ఉంటే చేత్తో నొక్కి కూర్చోబెట్టకండి.

బండి ఎత్తించడం

హుక్కు క్రేన్ వద్దు. ముందు గొలుసు వేసి ఎత్తితే చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు దెబ్బ తినకపోయినా వంగుతాయి. ఫ్లాట్‌బెడ్ లారీ అని గట్టిగా అడగండి, గంట ఆలస్యమైనా పర్వాలేదు. డిక్కీలో టూల్‌కిట్‌తో పాటు మర తిప్పి బిగించే టో హుక్కు ఉంటుంది, దాన్ని బంపర్‌లోని కంతలో బిగించి లాగించండి. ముందు భాగం కిందికి ఉంటుంది కాబట్టి ర్యాంపు కింద రెండు చెక్క పలకలు వేయాలి. గొలుసు కాదు, చక్రాలకి బెల్టులు కట్టించండి. ఇవన్నీ డ్రైవర్‌కి నేను చెప్తుంటే "మీకేటి బాబూ, ఇది కారేటి, కొత్త పెళ్లికూతురేటి" అన్నాడు. అన్నా కట్టాడు.

విప్పకముందు కొలవండి

ఈ పని చాలామంది చేయరు. షెడ్డుకి చేరగానే కుర్రాళ్లు స్పానర్లు పట్టుకుని బంపర్ విప్పేస్తారు. ఆపండి. పగిలిన ముక్కలు ఎలాగూ కనబడతాయి, కొనుక్కోవచ్చు. వెతకాల్సింది స్థానం కదిలిపోయిన భాగాన్ని.

కారు ముందు భాగాన్ని ముడుచుకుపోవడానికే తయారుచేస్తారు. ప్లాస్టిక్ బంపర్ తొడుగు వెనక ఒక అడ్డదూలం, దాని వెనక దెబ్బకి నలగడానికే పెట్టిన రెండు క్రష్ బాక్సులు, ఆ వెనక కారు చట్రంలో భాగమైన పొడవాటి రెయిళ్లు. దెబ్బ ఒక్కొక్కటే దాటుకుంటూ వెనక్కి పాకుతుంది. ప్లాస్టిక్ తొడుగు మాత్రం మళ్లీ ముందుకొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగింతలు. 40లో తగిలితే అడ్డదూలం దగ్గరే ఆగేది, 80లో రెయిలు దాకా పోతుంది.

మొదట పేకముక్కలు తీసుకోండి. నవ్వకండి, నిజమే. తలుపుకీ ఫెండర్‌కీ మధ్య సందులో ఎన్ని ముక్కలు పడతాయో పై నుంచి కిందికి మూడు చోట్ల లెక్కపెట్టండి. రెండో పక్క కూడా అలాగే. బానెట్ చుట్టూ, డిక్కీ చుట్టూ. ఎడమ పక్క పది పట్టి కుడి పక్క ఆరే పడితే ఏదో జరిగింది. సందు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటే ముందు భాగం పైకో కిందికో వంగిందన్నమాట. తలుపు తెరిచి మూయండి. గొళ్లెం పడే చోట కొత్త గీత కనబడితే తలుపు స్తంభం కదిలి ఉండొచ్చు.

తర్వాత బానెట్ ఎత్తి టేపు పట్టండి. ఎడమ స్ట్రట్ టవర్ (చక్రం పైన షాకబ్జార్బర్ బిగించే చోటు) బోల్టు నుంచి కుడి పక్క రేడియేటర్ సపోర్టు బోల్టు దాకా ఒక కొలత, కుడి టవర్ నుంచి ఎడమ సపోర్టు దాకా ఇంకొకటి. గుణకారం గుర్తులా రెండు మూలల కొలతలూ సరిపోవాలి. సాధారణంగా 3 మిల్లీమీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు. మా బండికి 7 వచ్చింది. అప్పటిదాకా "బంపర్, లైటు, రేడియేటర్, ఇంతే" అన్న షెడ్డు యజమాని గొంతు తగ్గింది.

మూడోది నేల మీద కొలత. దీనికి చదునైన సిమెంటు నేల కావాలి. మన వైపు రైసు మిల్లులకి కొదవ లేదు, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం బాగా పనికొస్తుంది. నీళ్లు పోసి ఎటూ పారకపోతే అది చదునే. కారుని అక్కడ నిలబెట్టి, తాపీ మేస్త్రి వాడే తూకం గుండుని కారు అడుగున ఎడమ, కుడి జంట బోల్టుల నుంచి వేలాడదీయండి. ఇంజన్నీ సస్పెన్షన్‌నీ మోసే సబ్‌ఫ్రేమ్ ముందు బోల్టులు, వెనక బోల్టులు, వెనక సస్పెన్షన్ బిగించిన చోట్లు. గుండు మొన తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కారు పక్కకి తోసేస్తే నేల మీద దాని జాతకం కనబడుతుంది. గుర్తులు మూలమూలకీ కొలవండి. ఎక్కడ రెండు కొలతలు కలవడం మానేశాయో అక్కడి నుంచి ముందుకి దెబ్బ ఉంది.

చక్రాల మధ్య దూరం కూడా రెండు పక్కలా చూడండి. మస్టాంగ్‌కి 2720 మిల్లీమీటర్లు. స్టీరింగ్ నేరుగా పెట్టి కొలిచినా ఒక పక్క తగ్గితే ఆ పక్క చక్రం వెనక్కి జరిగింది.

ఇక కళ్లతో చూసేవి. రేకుల్ని చుక్కలు చుక్కలుగా అతికిన స్పాట్ వెల్డుల చుట్టూ రంగు వెంట్రుకవాసి పగుళ్లిచ్చిందా, అతుకుల మీద పూసిన సీలర్ చీలిందా, రెయిలు పక్కన వేలు పెట్టి రాస్తే ముడత తగులుతోందా, పైకప్పు వెనక స్తంభం దగ్గర రేకు అల తేలిందా. పగటి వెలుగు కన్నా చీకట్లో టార్చి పక్కవాటుగా వేసి చూస్తే బాగా తెలుస్తాయి.

టింకరింగ్ చేసే మా మేస్త్రి గారికి అరవై దాటాయి. అంబాసిడర్ల కాలం నుంచీ ఆయన చేయి పడని రేకు లేదు. ఇదంతా చూసి ఆయన అన్నది: "నడిచొచ్చింది నడిచొచ్చింది అంతన్నారు. కాలిరిగినోడు కూడా కుంటుకుంటూ వస్తాడు బాబూ, ఆడు బాగున్నట్టేనేటి?"

ఏ లోహమో తేల్చుకోండి

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ప్రతి ప్యానెల్ మీదా పెట్టి చూడండి. 2015 తర్వాతి మస్టాంగ్‌కి బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం, మిగతా ఒళ్లంతా ఎక్కువగా ఉక్కు. రెండో తరం ఆడి టీటీకి ముందు భాగం ఎక్కువగా అల్యూమినియం, వెనక ఉక్కు. ఇనుము ఉండాల్సిన చోట అయస్కాంతం అతకకపోతే అక్కడ లప్పం మందంగా పూశారన్నమాట. పాత దెబ్బ దాచారు.

పెయింటు మందం కొలిచే గేజీ దొరికితే ఇంకా మంచిది. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ వేసిందే. వెయ్యి దాటితే కింద లప్పం ఉంది.

అల్యూమినియంతో మన షెడ్లలో జరిగే తప్పులు రెండు. ఒకటి, గ్యాస్ మంట. ఉక్కు వేడెక్కితే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం రంగు మారదు, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కారిపోతుంది. రెండు, ఉక్కు మీద వాడిన సుత్తి, ఫైలు, గ్రైండర్ రాయి దీని మీద వాడటం. ఉక్కు రజను అల్యూమినియంలో దిగబడితే తేమ తగలగానే రెండు లోహాలకీ పడక రంగు కింద బొబ్బలు లేస్తాయి. కళింగపట్నం సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. అల్యూమినియం పొడి గాల్లో లేస్తే అంటుకుని పేలగలదు కూడా. అందుకే దానికి గదీ పనిముట్లూ విడిగా ఉండాలంటారు.

ఉక్కులోనూ రకాలున్నాయి. తలుపు స్తంభం లోపల, పైకప్పు పట్టీల్లో వాడే గట్టి ఉక్కుని వేడి చేస్తే బలం పోతుంది. చూడటానికి తిన్నగా వస్తుంది. రెండోసారి గుద్దుకున్నప్పుడు మాత్రం కాగితంలా మడతపడిపోతుంది. దాన్ని సరిచేయకూడదు, మార్చాలి. మా మేస్త్రి గారి చేతి మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ విషయంలో ఆయన మాట వినలేదు. ఆయనకి కాస్త కోపం వచ్చింది, తర్వాత తగ్గింది.

కార్బన్ ఫైబర్ భాగాలుంటే రూపాయి బిళ్లతో తట్టుతూ వెళ్లండి. టింగుమని మోగితే మంచిది. ఒకచోట మెత్తగా, బొద్దుగా మోగితే లోపల పొరలు విడిపోయాయి, పైన గీత కూడా ఉండకపోవచ్చు.

సర్వేయర్ వచ్చేలోపు

ఇన్సూరెన్స్ వాళ్లకి తెలపకుండా, సర్వేయర్ చూడకుండా ఏదీ విప్పించకండి. వచ్చాక మాత్రం విప్పించే చూపించండి. పైపైన చూసి రాసుకెళ్తే లోపలివి తర్వాత కలపడానికి నానా తంటా పడాలి. మీ కొలతల కాగితం ఒక కాపీ ఆయన చేతికివ్వండి. మా దగ్గరికొచ్చిన సర్వేయర్ గారు సుద్ద గుర్తులు చూసి ముందు నవ్వారు, తర్వాత తనే టేపు పట్టుకున్నారు.

లెక్క ముందే వేసుకోండి. మామూలు ప్యాకేజీ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ఫైబర్ గ్లాసు మీద 30. అద్దాలకి కోత లేదు. లోహపు భాగాలకి కారు వయసుని బట్టి కోత: ఐదు నుంచి పదేళ్ల కారైతే 40 శాతం. అంటే లక్ష రూపాయల బంపర్ తొడుగులో 50 వేలు మీ జేబులోంచి పోతాయి. తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ ఉంటే ఈ టెన్షన్ చాలావరకు లేదు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. ఐడీవీ 30 లక్షలైతే ఆ గీత 22 లక్షల 50 వేల దగ్గర ఉంటుంది. గీత దగ్గరికొస్తుంటే ఆగి ఆలోచించండి. ఇష్టం కొద్దీ కొన్న కారుని వదులుకోవడం కష్టమే. కానీ రెండు రెయిళ్లూ, తలుపు స్తంభమూ పోయిన కారుని నేనైతే వదిలేస్తాను.

ఎక్కడ చేయించాలి

విజయనగరంలో, శ్రీకాకుళంలో రంగు, చిన్న సొట్టలు, అద్దం, ఇంటీరియర్ బాగా చేస్తారు. వీటికి హైదరాబాద్ పోనక్కర్లేదు. రెయిలు వంగితే మాత్రం కారుని బిగించి లాగే బెంచి, కొలిచే యంత్రం ఉన్న చోటికే వెళ్లండి, విశాఖకైనా అంతకన్నా దూరమైనా. ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: బెంచి ఉందా, మా మోడల్ కొలతల పట్టిక ఉందా, లాగకముందూ లాగాకా ప్రింటు ఇస్తారా? మూడింటికీ అవునంటేనే లారీ మాట్లాడండి. వెనక చింతచెట్టుకి గొలుసు కట్టి జీపుతో లాగే పద్ధతి ట్రాక్టర్ ట్రాలీకి సరే.

లాగేటప్పుడు దెబ్బ ఏ వరసలో పడిందో దానికి వెనక నుంచి రావాలి. చివర వంగింది ముందు సరిచేయాలి. ఒక్క చోట పట్టి ఒక్క ఊపున కాకుండా, రెండు మూడు చోట్ల పట్టి కొంచెం కొంచెంగా లాగి, వదిలి, కొలిచి, మళ్లీ లాగాలి. వదలగానే లోహం కాస్త వెనక్కి పోతుంది, అందుకే అవసరమైన దాని కన్నా కొంచెం ఎక్కువ లాగుతారు. అడ్డదూలం, క్రష్ బాక్సులు సరిచేయించకండి, కొత్తవి వేయించండి. ఒకసారి ముడిచినవి మళ్లీ అదే లెక్కన ముడవవు.

రెయిలు ముక్క కోసి కొత్తది అతకాల్సి వస్తే, కంపెనీ రిపేరు మాన్యువల్ ఎక్కడ కోయమందో అక్కడే కోయాలి. వెల్డింగు చేసే ముందు అదే మందం రేకు ముక్కలు రెండు స్పాట్ వెల్డు చేయించి విడదీయించండి. వెల్డు రెండో రేకుని గుండీలా చింపుకుని రావాలి. నున్నగా ఊడొస్తే మిషను సెట్టింగు సరిలేదు. అతుకు లోపలి పక్క జింకు ప్రైమర్, తర్వాత మైనం స్ప్రే పడిందో లేదో మీరే చూడండి. బిల్లులో రాస్తారు, లోపల కొట్టరు.

విడిభాగాలకి ఓపిక కావాలి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని 2021లో ప్రకటించింది. మస్టాంగ్ అయితే ముందు నుంచీ దిగుమతే. మాకు హెడ్‌లైటు వచ్చేసరికి సంక్రాంతి దాటి ఉగాది వచ్చింది. దెబ్బ తిన్న కార్ల నుంచి తీసిన పాత బానెట్, ఫెండర్, హెడ్‌లైటు దొరికితే తీసుకోవచ్చు. చక్రం బిగించే స్టీరింగ్ నకిల్, లోయర్ ఆర్మ్, సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు మాత్రం పాతవి కొనకండి.

ఎయిర్‌బ్యాగుల దగ్గర మోసం

మావాడు ఆ కారుని ఒక పెద్ద నగరంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. గేదె దెబ్బకి డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తే ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన చోట ఏమీ లేదు. తీగ చివర రెండు రూపాయల రెసిస్టర్ పెట్టి టేపు చుట్టారు. కంప్యూటర్‌కి బ్యాగు ఉన్నట్టే కనబడుతుంది, మీటర్‌లో లైటు వెలగదు. మా చెల్లి ఆ సీట్లో రెండేళ్లు కూర్చుంది.

అందుకే లైటు వెలగడం లేదని నమ్మకండి. పేలిన బ్యాగులు, గుద్దినప్పుడు సీటు బెల్టుని బిగించే ప్రిటెన్షనర్లు కొత్తవి వేశాక పాతవి చూపించమనండి, కొత్త వాటి సీరియల్ నంబర్లు బిల్లులో రాయించండి. స్కానర్ పెట్టి, ఎయిర్‌బ్యాగుల్ని నడిపే ఎస్‌ఆర్‌ఎస్ మాడ్యూల్‌లో క్రాష్ డేటా ఉందేమో చదివించండి. ఈ పని మీరు ముట్టుకోకండి. ముట్టుకునేవాళ్లు కూడా బ్యాటరీ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే మొదలుపెట్టాలి.

రంగు

క్లుప్తంగా చెప్తాను. తలుపు అంచు మీదో బానెట్ కిందో రంగు కోడ్ ఉంటుంది, దాన్ని బట్టే కలిపించండి. ఎంత కలిపినా ఎండలో పడి మారిన పాత రంగుతో కొత్తది సరిపోదు. పక్క ప్యానెల్ మీదికి పలచగా కలుపుకుంటూ పోవాలి, ముఖ్యంగా ముత్యపు రంగులకి. వాన ముసురులో బయట షెడ్డులో వేయించకండి, తేమకి క్లియర్ కోట్ పాలిపోతుంది. ఆ క్లియర్ కోట్ హార్డనర్ పొగ ఊపిరితిత్తులకి చేటు. రుమాలు కట్టుకుని కొట్టే కుర్రాడికి సరైన మాస్కు మీరే కొనిచ్చినా తప్పు లేదు.

చివరి కొలతలు

నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. చక్రాలు నిలబడే కోణాలైన టో, క్యాంబర్, క్యాస్టర్‌తో ఆగకుండా, చక్రం ఏ ఇరుసు మీద తిరుగుతుందో దాని వాలు చెప్పే స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్ కూడా అడగండి. అదీ క్యాంబరూ కలిపితే వచ్చే కోణం రెండు పక్కలా ఒకటిగా ఉండాలి. ఆ మొత్తం తేడా వస్తే నకిలో స్ట్రట్టో వంగి ఉంటుంది. మొత్తం సరిపోయి విడివిడిగా తేడా ఉంటే టవరో సబ్‌ఫ్రేమో చోటు తప్పింది. "క్యాంబర్ బోల్టు వేసి సెట్ చేసేశాం సార్" అంటే ఒప్పుకోకండి, వంగినదాన్ని బోల్టుతో కప్పెట్టడం అది.

తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని నడపండి. 40లో స్టీరింగ్ మీద చేతులు తేలిక చేస్తే ఎటు లాగుతోంది, బ్రేకు వేస్తే ఎటు లాగుతోంది, 80 దాటాక వణుకుందా, కొత్త గాలి చప్పుడు ఏ తలుపు నుంచి వస్తోంది. తిరిగొచ్చాక కూలెంట్ మట్టం చూడండి. 500 కిలోమీటర్లయ్యాక సబ్‌ఫ్రేమ్, సస్పెన్షన్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూపించి, ఇంకోసారి అలైన్‌మెంట్ చదివించి పాత ప్రింటు పక్కన పెట్టండి. అంకెలు జరిగితే బండిని మళ్లీ అదే మిల్లు కళ్లానికి తోలుకెళ్లి తూకం గుండు వేలాడదీయండి. మాది జరగలేదు. మావాడిప్పుడు సందె పడితే ఆ రోడ్డు మీద అరవై దాటడు.